గొంగళి కింద రేడియం

మొన్న విశాఖపట్నంలో ఒక పెద్ద వాచీల దుకాణానికి వెళ్ళాను. నా పాత వాచీ పట్టీ తెగిపోయింది, అంతకు మించి పనేం లేదు. కౌంటరు వెనక నిలబడ్డ కుర్రాడు వాచీ అందుకుని, జేబులోంచి వేలెడంత టార్చి తీసి, ఊదారంగు వెలుతురు డయల్ మీద కొట్టాడు. కొట్టి పెదవి విరిచాడు.

"ఏమీ అనుకోకండి సార్. ఈ డయల్ ఒరిజినల్ కాదు. ఎప్పుడో మళ్ళీ పెయింట్ వేశారు" అన్నాడు, రోగి బంధువులతో డాక్టరు మాట్లాడే గొంతుతో.

నేను పకపకా నవ్వాను. ఎనభై దగ్గర పడ్డ ముసలాడు, వాచీ మొహం నకిలీదని చెబితే ఏడవాలి గాని ఇలా నవ్వుతాడేమిటని ఆ కుర్రాడు బిత్తరపోయాడు.

"బాబూ, ఆ సంగతి నాకు యాభై ఏళ్ళ కిందటే తెలుసు. నీకు టార్చి కావలసొచ్చింది. మా చోడవరంలో ఒకాయనకి పాత గొంగళి ముక్క సరిపోయేది" అన్నాను.

అలా అన్నాక ఇంక నిలవలేకపోయాను. పట్టీ సంగతి మరిచిపోయి బస్సెక్కేశాను. దారి పొడుగునా ఆయనే కళ్ళ ముందు. ఇన్నేళ్ళుగా ఆయన గురించి ఎవరికీ చెప్పలేదే అని నా మీద నాకే కోపం వచ్చింది. అందుకే రాస్తున్నాను.

ఆయన పేరు నాకు తెలియదు. ఎనిమిదేళ్ళపాటు దాదాపు రోజూ ఆయన పక్కన కూర్చున్నవాణ్ణి, ఒక్కసారీ అడగలేదు. ఆయనా నా పేరు అడగలేదు. ఆయనకి మనుషులు పేర్లతో గుర్తుండేవారు కారు, వాచీ డయళ్ళతో గుర్తుండేవారు. "పొద్దున్న నల్ల మొహం ఆయన వచ్చేడు మాస్టారూ" అనేవాడు. నిజానికి ఆ వచ్చినాయన దబ్బపండు రంగులో మెరిసిపోతూ ఉంటాడు. నల్లనిది ఆయన వాచీ. "రెండో అంకె చెరిగిపోయినావిడ", "పగులద్దం పంతులు", "ఎర్రముల్లు కంట్రాక్టరు" ఇలా ఊరందరికీ ఆయన దగ్గర వేరే జనాభా లెక్క ఉండేది. నేను "మూడు కళ్ళ మాస్టార్ని". నా వాచీ డయల్ మీద మూడు చిన్న వలయాలు ఉండేవి కనుక.

బస్టాండు పక్క సందులో ఒక టైలరు కొట్టు అరుగు మీద ఆయన బల్ల. పైన అద్దం మూత, కింద మూడు సొరుగులు. కంటికి తగిలించుకునే నల్ల భూతద్దం ఒకటి, ఎప్పుడూ నుదుటి మీదికి ఎత్తిపెట్టి ఉండేది. ఆయన కూర్చునే పీట మీద మడత పెట్టిన గొంగళి. చలికాలం గానుగ సీజన్లో, చక్కెర ఫ్యాక్టరీ గొట్టం నుంచి వచ్చే బెల్లం వాసన ఆ సందంతా నిండిపోయినప్పుడు కూడా, ఆ గొంగళి కప్పుకోగా నేను చూడలేదు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం మాత్రం కప్పుకునేవాడు!

ఆ భోగం నాకూ దక్కింది. అది చెప్పాలి ముందు.

నేను హైస్కూల్లో డ్రిల్లు మాస్టర్ని. అరవైల చివర్లో ఉద్యోగంలో చేరాను. పరుగుపందేలకి స్టాప్ వాచీ ఇవ్వమని అడిగితే, ఉన్న ఒక్కటీ పాడైపోయిందన్నారు. నాకేమో సెకండ్ల పిచ్చి. నూరు మీటర్లు ఎవడు ఎంతలో పరిగెత్తాడో తెలియకపోతే నాకు ఆ రాత్రి నిద్ర పట్టదు. విశాఖపట్నం రేవులో ఒక ఓడ మనిషి దగ్గర క్రోనోగ్రాఫ్ వాచీ కొన్నాను. అంటే చేతి గడియారంలోనే స్టాప్ వాచీ కూడా కలిసి ఉంటుంది. పక్కన రెండు మీటలు, ఒకటి నొక్కితే పెద్ద సెకండు ముల్లు బయల్దేరుతుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది. కొన్న రోజున చొక్కా చేతులు మోచేతిదాకా మడిచి చోడవరం వీధులన్నీ తిరిగాను. ఎవరూ అడక్కపోయినా టైము చెప్పాను.

మీట కొంచెం బిగుసుకుందని ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. మే నెల, పన్నెండు గంటలు. ఆయన మీట సంగతి పట్టించుకోలేదు. వాచీని తలకిందులు చేసి పట్టుకుని, భూతద్దం కంటికి దించుకుని, అలా చూస్తూనే ఉన్నాడు.

"తలకిందులుగా చూస్తారేమిటండీ?" అన్నాను.

"నిటారుగా సూస్తే చదివేస్తాం బాబూ. చదివితే ఇంకేటి కనబడతాది? తలకిందులు చేస్తే అప్పుడు సూస్తాం" అన్నాడు.

తర్వాత గొంగళి విప్పి, తన తల మీదుగా వేసుకుని, ఒక కొస ఎత్తి పట్టుకుని, "రండి లోపలికి" అన్నాడు. నేను వెనక్కి తగ్గాను. లోపల కుట్టుమిషన్ తొక్కుతున్న టైలరు ఆపకుండానే, "ఎల్లిపోండి మాస్టారూ, ఎల్లనిదే వదలడు" అన్నాడు. సరే అని దూరాను. ఇద్దరు మగాళ్ళం, మే నెల మధ్యాహ్నం, ఒకే గొంగళి కింద, ముక్కూ ముక్కూ తగిలేంత దగ్గరగా! చెమట కాలవలు కట్టింది.

"కళ్ళు మూసుకుని యాభై లెక్కెట్టండి. అప్పుడే కంటికి చీకటి అలవాటవుతాది."

లెక్కపెట్టి కళ్ళు తెరిచాను. డయల్ మీద అంకెలు పచ్చగా, మిలమిలా వెలుగుతున్నాయి. 

"బ్రహ్మాండం!" అన్నాను.

"అంకెలు సరే. ముల్లులో?"

చూశాను. ముళ్ళు చీకట్లో కలిసిపోయాయి. ఉన్నాయో లేదో కూడా తెలియడం లేదు.

"ముల్లులూ అంకెలూ ఒక్క రోజు పుట్టినవయితే ఒక్కలాగే ఎలగాల, ఒక్కలాగే ఆరిపోవాల. మీ ముల్లులు ముసలివయిపోయినాయి, అంకెలేమో నిన్నగాక మొన్న పుట్టేయి. మీ వాచీకి మొహం మార్చేసేరు మాస్టారూ."

బయటికొచ్చాక వాచీ తలకిందులు చేసి ఇంకోటి చూపించాడు. మూడో అంకె కాలు పక్కనున్న చిన్న వలయం గీత మీదికి ఎక్కి ఉంది. "ఫ్యాక్టరీవోడయితే ఇలా తొక్కనివ్వడు. చెయ్యి తిరగనోడు కుంచెతో వేసిన పని ఇది" అన్నాడు. నాకు మండిపోయింది. మీట బాగుచెయ్యమంటే వాచీకి వంక పెడతావేమిటని నానా మాటలూ అన్నాను.  ఆయన మీట బాగుచేసి, వాచీ తుడిచి చేతిలో పెట్టాడు.

మూడు రోజులు ఆ సందు మొహం చూడలేదు. నాలుగో రోజు బడి వదలగానే నా కాళ్ళు వాటంతటవే అటు తిరిగాయి. ఇంకో డయల్ చూపిస్తాడేమోనని! ఆ రోజునుంచి నేను ఆయన శిష్యుణ్ణి.

ఎన్ని నేర్పాడో! ఆరో అంకె కింద స్విస్ అని ఉండే చిన్న అక్షరాలకి అటూ ఇటూ ఇంగ్లీషు టీ అక్షరం ఉంటే, అంకెల మీద వెలిగేది రేడియం కాదు, ఆ తర్వాత వచ్చిన మరో వెలుగు మందు అని ఆయనే చెప్పాడు. రేడియం పెట్టిన పాత వాచీ చీకట్లో వెలగకపోయినా అందులో రేడియం చావదని, వెలిగించే పొడి మాత్రమే కాలిపోయిందని కూడా. ఎవరైనా సరదాకి గోటితో ఆ అంకెలు గీకబోతే చేతి మీద ఠపీమని కొట్టేవాడు, ఎదటివాడు ఎంత పెద్దవాడైనా సరే. "అది గీకినోడు బాగుపడగా నాను సూణ్ణేదు" అనేవాడు. అంతకు మించి చెప్పేవాడు కాదు.

ఆయనకి కోపం తెప్పించాలంటే ఒకటే దారి. పెళ్ళికి ముందు పాత వాచీ తెచ్చి, "డయల్ కొత్తగా చేయించండి, తళతళలాడాలి" అనాలి. మా వైపు అదొక ఆచారంలా ఉండేది. ఇల్లు వెల్ల వేయించినట్టే వాచీకీ వేయించేవారు. ఆయన వాచీ వెనక్కి తోసేసి, "మీ తాతగారికి కూడా వేయించేయి సున్నం, తళతళలాడతాడు" అనేవాడు. బేరం పోయేది. టైలరు లోపలినుంచి నవ్వేవాడు.

ఇక సంతోషం వస్తే పట్టలేము. ఎవరైనా తెచ్చిన వాచీలో ముట్టుకోని డయల్ కనబడిందా, తొడ చరిచి లేచి నిలబడేవాడు. టీ గ్లాసు ఎటో, సన్నపు స్క్రూలు ఎటో. "సూడండి మాస్టారూ, సూడండి! ముప్పై ఏళ్ళయినా ఒక్కడూ ముట్టుకోనేదు!" అని వీధిలో పోయేవాళ్ళని కూడా పిలిచి చూపించేవాడు. పాపం వాళ్ళకేం తెలుసు, మురికి పట్టిన పాత వాచీ కనబడేది. బాగుందని తలూపి వెళ్ళిపోయేవాళ్ళు. నేను మాత్రం ఊగిపోయేవాణ్ణి. నా జీవితంలో ఇంకెవరి సంతోషమూ నాకు అంత తొందరగా అంటుకోలేదు.

ఆయన్ని గురించి ఎన్ని చెప్పినా, అప్పలనర్సమ్మ వాచీ సంగతి చెప్పకపోతే ఏమీ చెప్పనట్టే.

డెబ్భై నాలుగో, డెబ్భై ఐదో. ఒక శనివారం సాయంత్రం అప్పలనర్సమ్మ ఏడుచుకుంటూ ఆ సందులోకి వచ్చింది. ఆవిడ ఆస్పత్రిలో ఆయా. భర్త అక్కడే కాంపౌండరుగా చేసి, పిల్ల చిన్నప్పుడే పోయాడు. ఆ పిల్ల రత్నం ఇప్పుడు పెద్దదై నర్సు ట్రైనింగుకి ఎంపికైంది. సోమవారం విశాఖపట్నంలో చేరాలి. తెల్ల చీరలు, రేకు పెట్టె, సెకండు ముల్లున్న వాచీ తెచ్చుకోమన్నారు. ఊరంతా చెప్పుకున్న విషయమే అది.

అప్పలనర్సమ్మ చేతిరుమాలు విప్పి ఒక వాచీ బల్ల మీద పెట్టింది. రెండు మీటలు, తెల్లని డయల్, అంచు చుట్టూ ఎర్ర అంకెలు. తళతళా మెరుస్తోంది.

"ఇది నా మొగుడి వాచీ కాదు బాబూ" అంది.

మెల్లగా విషయం చెప్పింది. భర్త దగ్గర ఒక వాచీ ఉండేది. భర్తని కొడుకులా చూసుకున్న పాత డాక్టరుగారు ఊరు వదిలి వెళ్ళేటప్పుడు ఇచ్చిపోయినది. డాక్టర్ల కోసమే చేసిన క్రోనోగ్రాఫ్. నాడి పట్టుకుని, మీట నొక్కి, ముప్పై దెబ్బలు లెక్కపెట్టి మళ్ళీ నొక్కితే, ముల్లు ఆగిన చోట ఉన్న ఎర్ర అంకె నిమిషానికి నాడి ఎంతో చెబుతుంది. కూతురు ఆ వాచీతోనే నాడి చూడాలని ఆవిడ కోరిక. పద్నాలుగేళ్ళు బిస్కెట్ల డబ్బాలో దాచిన వాచీని బాగుచేయించడానికి అనకాపల్లి తీసుకెళ్ళింది. అక్కడొక అద్దాల షాపులో ఇచ్చింది. తిరిగి ఇచ్చినది ఇది.

"డయల్ కొత్తది వేసేం, అందుకే వేరేగా కనబడతంది అంటాడు. నా వాచీ ఆడి చేతికే ఉంది బాబూ. నా కళ్ళతో సూసేను. అడిగితే గదమాయించేడు."

"పెద్ద షాపని ఎల్లేవా?" అన్నాడు ఆయన. కొంచెం నొచ్చుకున్నట్టున్నాడు.

"బుద్ధి గడ్డి తింది నాయినా."

ఆయన వాచీ తలకిందులు చేశాడు. స్విస్ పక్కన టీ అక్షరాలు నాకూ కనిపించాయి. "డయల్ మార్చేనంటాడు కాబట్టి ఈ టీ గుర్తు సాక్ష్యానికి పనికిరాదు" అని గొణుక్కున్నాడు. "సరే గాని, మీ ఆయన వాచీ ఎలాటిదో చెప్పు. రేడియం ముల్లులేనా?"

"చీకట్లో పచ్చగా ఎలిగేవి. మా రత్నం గుంట భయపడిపోయేది."

"ఎప్పుడు ఆగింది?"

"ఆగనేదు. నానే ఆపేను."

ఆయన భూతద్దం నుదుటి మీదికి ఎత్తాడు.

"ఆయన పేణం పోతన్నప్పుడు ఎవరో అన్నారు, గడియ సూడండి, పంతులుగారు నచ్చత్రం అడుగుతారు, మంచి గడియ కాకపోతే ఇల్లు ఇడిచిపెట్టాల అని. నాకు టైము సూడ్డం రాదు. మా ఆయనేమో రోజూ రేడియోలో గంట కొట్టినప్పుడు కీ పైకి లాగేవోడు, వాచీ ఆగేది, మళ్ళీ నొక్కేవోడు. అది సూసేను కదా. నానూ లాగీసేను. పంతులుగారు వచ్చి ఆయనే సూసుకుంటారని. ఆయన వచ్చి సూసి రాసుకెళ్ళిపోయేరు. మళ్ళీ నొక్కడానికి నాకు చెయ్యాడనేదు. అలాగే డబ్బాలో పెట్టీసేను."

ఆయన తన చేతిలోని వాచీ కీ పైకి లాగాడు. చిన్న సెకండు ముల్లు ఆగకుండా తిరుగుతూనే ఉంది. "కీ లాగితే ఆగే జాతి వేరు, ఇది వేరు. డయల్ మార్చినంత మాత్రాన జాతి మారదు" అన్నాడు. తర్వాత ఉన్నట్టుండి తొడ చరిచి లేచాడు. సీసాలోని నూనె ఒలికిపోయింది. "పద్నాలుగేళ్ళు! రేడియం ముల్లులు ఒక్కచోటే పద్నాలుగేళ్ళు! రేపు పొద్దున్న మొదటి బస్సుకి అనకాపల్లి పోదాం. మాస్టారూ, మీరూ రావాల."

ఎందుకో అడిగితే చెప్పలేదు. 

షాపు యజమాని మెత్తటి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆదివారం కదా, నలుగురైదుగురు బేరగాళ్ళు ఉన్నారు. అతని ఎడమ చేతికి రెండు మీటల వాచీ, మీగడ రంగు డయల్. అప్పలనర్సమ్మ దాన్ని చూడగానే నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆయన మాత్రం చుట్టపుచూపుగా వచ్చినవాడిలా చెరకు ధర గురించి, ఎండల గురించి మాట్లాడాడు. తర్వాత, "మంచి వాచీ కట్టేరు. పాతదేనా?" అన్నాడు.

"మా మావగారిది" అన్నాడు యజమాని.

"పాపం, వాడకుండా ఎక్కడో పడేసి ఉంచేరేమో."

"ఎందుకు పడేస్తారండీ? ఆయన బతికున్నన్నాళ్ళూ రోజూ కట్టేరు, తర్వాత నేను కడుతున్నాను. ఒక్క రోజు ఆగలేదు."

"ఒక్క రోజు కూడా?"

"ఒక్క పూట కూడా."

ఆయన బేరగాళ్ళ వైపు తిరిగాడు. "విన్నారు కదా బాబూ. ఒక్క పూట కూడా ఆగనేదంట." అప్పుడు అసలు మాట ఎత్తాడు. ఈ వాచీ ఈ ఆయమ్మదని, పద్నాలుగేళ్ళు ఆగి ఉన్న వాచీ అని, ఆగిన ముళ్ళ గుర్తు డయల్ మీద ఉంటుందని. యజమాని మొహం ఎర్రబడింది.

"ఏటి, తమాషాగా ఉందా? గుర్తు లేకపోతే?"

"లేకపోతే రేపట్నుంచి నాను వాచీ ముట్టను. చోడవరంలో నా బల్ల తీసీస్తాను. ఈ మాస్టారే సాక్షి."

 ఆయన గొంతులో వణుకు లేదు. "మరేటమ్మా, నాను సూడకముందే నువ్వు చెప్పు. ముల్లులు ఎక్కడ ఉండేవి?" అన్నాడు అప్పలనర్సమ్మతో.

"టైము సూడ్డం రాదని నీకు చెప్పేను కదా నాయినా."

యజమాని విరగబడి నవ్వాడు. "టైము చూడ్డం రానావిడకి వాచీ ఒకటా!"

ఆవిడ ఒక బేరగాడి చేతిలోని అగ్గిపెట్టె అడిగి తీసుకుంది. రెండు పుల్లలు తీసింది. ఒకదాన్ని పంటితో కొరికి పొట్టిది చేసింది. "కీ ఏ పక్కన ఉంటాది?" అని అడిగి, ఆయన కుడివైపు చూపించగానే అక్కడ ఎడమ బొటనవేలు ఆన్చింది. కౌంటరు అద్దం మీద పొడుగు పుల్ల కుడి పక్కకి కిందికి వాల్చి పెట్టింది. పొట్టి పుల్ల కిందికి, ఎడమ పక్కకి పెట్టింది. ఆవిడ చేతులు కొంచెం కూడా తడబడలేదు.

"ఏడూ ఇరవై" అన్నాను నేను, ఆపుకోలేక.

అగ్గిపెట్టె ఇచ్చిన బేరగాడు జాలిపడి సాయం చేయబోయాడు. "ఏడు అంటే ఇంకొంచెం ఇటమ్మా" అని పొట్టి పుల్లని సరిగ్గా ఏడు ఉండాల్సిన చోటికి జరిపాడు. అప్పలనర్సమ్మ అతని చెయ్యి తోసేసింది. పుల్లని మళ్ళీ ఎనిమిది వైపుకి కొంచెం, గోరంత జరిపింది.

"కాదు. ఇలాగే ఉండీది."

 ఏడూ ఇరవైకి చిన్న ముల్లు ఏడు మీద ఉండదు, ఏడు దాటి మూడో వంతు జరిగి ఉంటుంది! టైము చదవడం వచ్చినవాళ్ళం మేమంతా ఆ సంగతి మరిచిపోయాం, రాని ఆవిడకి గుర్తుంది. ఆవిడ టైము చూడలేదు. ముళ్ళని చూసింది, ఏడాదికోసారి భర్త తద్దినం నాడు డబ్బా తెరిచి, పద్నాలుగుసార్లు. ఆ సంగతి తర్వాత ఆవిడే చెప్పింది.

"ఇప్పుడు వాచీ ఇలా ఇవ్వండి" అన్నాడు ఆయన. బేరగాళ్ళందరూ యజమాని వైపే చూస్తున్నారు. ఇవ్వక తప్పింది కాదు.

ఆయన కీ పైకి లాగాడు. వాచీ టక్కున ఆగిపోయింది. రెండు ముళ్ళనీ తిప్పి పన్నెండు మీద కలిపాడు, కింది భాగమంతా ఖాళీ అయ్యేట్టు. భూతద్దం కంటికి దించాడు. వాచీ తలకిందులు చేశాడు. చూస్తున్నాడు.  నేను నా వాచీ మీట నొక్కాను, అలవాటు కొద్దీ. పదకొండు సెకండ్లు. పన్నెండు. పదమూడు. నూరు మీటర్ల పందెం అయిపోయేంతసేపు అయింది, ఆయన ఇంకా అలాగే ఉన్నాడు. పంతొమ్మిది సెకండ్లకి తల ఎత్తి, భూతద్దమూ వాచీ నా చేతిలో పెట్టాడు.

చూశాను. మీగడ రంగు డయల్ మీద ముక్కుపొడి రంగులో రెండు సన్నటి నీడలు. ముల్లు ఆకారమే, ముల్లు పొడుగే. ఒకటి నాలుగు మీద. ఒకటి ఏడు దాటి, గోరంత ఎనిమిది వైపుకి. కౌంటరు మీది అగ్గిపుల్లలు ఎలా ఉన్నాయో అచ్చం అలాగే!

"ఉంది!" అని అరిచాను. బడి మైదానంలో కూడా అంత గట్టిగా అరిచి ఉండను. అగ్గిపెట్టె ఇచ్చిన బేరగాడు నా చేతిలోంచి లాక్కుని చూశాడు. మిగతావాళ్ళూ ఒకరి తర్వాత ఒకరు చూశారు. పుల్లలు చూడడం, డయల్ చూడడం, నోరు తెరవడం. ముళ్ళలోని రేడియం పద్నాలుగేళ్ళు ఒకేచోట ఉండి, కింది రంగుని మెల్లగా కాల్చేసిందని ఆయన వాళ్ళకి చెబుతున్నాడు. "రోజూ తిరిగే ముల్లు ఎక్కడా మచ్చ పెట్టదు బాబూ. ఒక్క పూట కూడా ఆగనేదన్నది ఈయనే కదా."

 చివరికి యజమాని, "పొరపాటున మారిపోయినట్టుంది, తీసుకెళ్ళండి" అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా.

వీధిలోకి వచ్చాక ఆయన కీ నొక్కబోయి ఆగాడు. "నొక్కనా అమ్మా? నొక్కితే తిరిగిపోతాది" అని అడిగాడు. అప్పలనర్సమ్మ వాచీని రెండు చేతులతో పట్టుకుని కాసేపు నిలబడింది. కళ్ళు తుడుచుకుంది. "నొక్కీ నాయినా. గుంట నాడి సూడాల కదా" అంది. 

మర్నాడు పొద్దున్న చోడవరం బస్టాండులో విశాఖపట్నం బస్సు సిద్ధంగా ఉంది. రత్నం తెల్లచీర కట్టుకుని, రేకు పెట్టె పక్కన నిలబడి, ఎడమ చేతికి ఆ వాచీ కట్టుకుంది. పట్టీకి ఆయనే కొత్త చిల్లు పొడిచాడు. మీట ఎలా నొక్కాలో, ఎర్ర అంకె ఎలా చదవాలో చెబుతున్నాడు.

"ముందు నాది సూడే" అని అప్పలనర్సమ్మ చెయ్యి చాపింది. రత్నం తల్లి మణికట్టు పట్టుకుని, మీట నొక్కి, పెదవులు కదుపుతూ ముప్పై లెక్కపెట్టి, మళ్ళీ నొక్కింది. "డెబ్భై నాలుగు!" అంది. పిల్ల మొహం వెలిగిపోయింది.

"నాది కూడా సూడమ్మా" అన్నాడు ఆయన.

రత్నం పట్టుకుంది, లెక్కపెట్టింది. ముల్లు ఆగిన చోటు చూసి నొసలు చిట్లించింది. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. అదే చోట ఆగింది.

"నూట పద్దెనిమిది! ఏటి తాతగారూ, జొరమేటి?"

"నేదమ్మా, నిన్నట్నుంచీ ఇలాగే కొట్టుకుంటంది" అన్నాడు.

బస్సు కదిలింది. అప్పలనర్సమ్మ కొంత దూరం దాని వెంట నడిచింది. నేను ఆయన వైపు తిరిగి, "షాపులో రాయిలా నిలబడ్డారు, ఇప్పుడెందుకండీ ఈ దడ?" అని అడిగాను.

ఆయన తన మణికట్టు తనే పట్టుకుని, సిగ్గుపడుతున్నట్టు నవ్వాడు.

"పద్నాలుగేళ్ళకి మచ్చ పడతాదో పడదో నాకేటి తెలుసు మాస్టారూ? ముప్పై ఏళ్ళు ఆగిపోయిన గోడ గడియారంలో ఒక్కసారి సూసేను, అంతే. పోనీ పడిందే అనుకోండి, ఆడు డయల్ తుడిచీసుంటే? అది తన వాచీయేనని ఆయమ్మకి తెలుసు. అందుకే ఆవిడ నాడి అంత నెమ్మదిగా ఉంది. నాకు తెలీదు కదా."